ఎమరీ కాగితం గీతలు

1999 జులైలో నన్ను సిడ్నీ పశ్చిమ శివార్లకు మోటారు అసెస్సర్‌గా వేశారు. అసెస్సరంటే బీమా కంపెనీ తరఫున బండిని పరీక్షించి రిపోర్టు రాసేవాడు. నా పైన సీనియర్ అసెస్సర్ గ్రెగ్ ఉండేవాడు. ఆయన కూడా సంతకం పెడితే ఆ రిపోర్టు మీద పోలీసులు కదిలేవారు.

ఆ రోజుల్లో మా ఆఫీసును పట్టి పీడిస్తున్న మాట ‘రీబర్తింగ్’. తుక్కయిపోయిన బండి ఛాసిస్ నంబరు తీసి దొంగబండికి తగిలించి అమ్మేసే వ్యాపారానికి ఆ పేరు. పునర్జన్మ అన్నమాట. పాత బండి మీద కొత్త రంగు కనిపిస్తే చాలు, గ్రెగ్ కళ్ళు చిన్నవయ్యేవి. నాకు మాత్రం పుట్టుకతోనే అనుమానం ఎక్కువని మా ఆవిడ అంటుంది. జీతమిచ్చేదే దానికైతే తగ్గించుకోవడమెందుకని నేననేవాణ్ణి.

వచ్చిన రెండో వారంలోనే క్వేకర్స్ హిల్‌లో ఒక అద్దె ఇంటికి పంపారు. ఇంటాయన ఖలీల్‌కు ముప్పై రెండేళ్ళుంటాయి. ఒక బ్యాంకులో వైటూకే పని మీద కాంట్రాక్టులో ఉన్నాడు. వారమంతా కంప్యూటర్లలో రెండంకెల సంవత్సరాలను నాలుగంకెలుగా దిద్దడం, శని ఆదివారాలు తన గ్యారేజీలో 1969 నాటి అమెరికన్ మజిల్ కారును, అంటే పెద్ద ఇంజనున్న పాతకాలపు జోరు బండిని, దిద్దడం. ఎక్కడో పల్లెలో ఒక రైతు షెడ్డులో తుప్పు పట్టి పడి ఉన్న బండిని రెండేళ్ళు కూర్చుని పైకి తెచ్చాడు. ఇప్పుడు దానికి ‘అగ్రీడ్ వాల్యూ’ పాలసీ కావాలన్నాడు. బండికి ఏమైనా అయితే ఎంత ఇవ్వాలో ముందే ఒప్పుకునే బీమా అది. అలాంటి పాలసీకి బండి పుట్టుపూర్వోత్తరాలు తేలాలి.

నేను వెళ్ళేసరికి అతను ఫోన్లో గుంటూరు తెలుగులో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. వినగానే నా మనసు బిగుసుకుంది. మనవాడికి సాయం చేశాడన్న మాట ఆఫీసులో ఎక్కడ వస్తుందోనని ఇంగ్లీషులోనే పలకరించాను. అతని భార్య నస్రీన్ టీ తెచ్చింది. పని మీద వచ్చినచోట ఏదీ ముట్టకూడదన్నది మా నియమం. ఇంగ్లీషులోనే వద్దన్నాను. ఆవిడ కప్పు వెనక్కి తీసుకెళ్ళింది.

బండి ఎంత బాగుందో చెప్పలేను. అంత బాగుండడమే నాకు మింగుడు పడలేదు. తలుపులు వేరే బండివి. ఇంజను ఇంకో బండిది. అమ్మిన రైతు చేత్తో రాసిచ్చిన రసీదు ఉంది గాని, ఆ రైతు చనిపోయాడు. బానెట్ ఎత్తి, ఇంజనుకూ డ్రైవరు గదికీ మధ్యనుండే రేకు గోడ మీద టార్చి వేశాను. నంబరు పంచ్ కొట్టేది అక్కడే. అంకెల చుట్టూ మూడంగుళాల మేర ఎమరీ కాగితం గీతలు కనిపించాయి. పైన పారదర్శకమైన లక్కర్ పూశాడు. మిగతా గోడంతా నల్లరంగు. మా శిక్షణలో మొదటి పాఠమే అది. నంబరు చుట్టూ రుద్దుడు గీతలుంటే, పాత అంకెలు చెరిపి కొత్తవి కొట్టారని అనుమానించాలి.

ఎందుకు రుద్దావని అడిగాను. పక్కింట్లో గడ్డి కోసే మెషీను మోగుతోంది. అతను చెప్పింది నాకు ‘పెయింట్ కోసం’ అని వినిపించింది. అదే రాసుకున్నాను. రంగు కోసమైతే గోడంతా రుద్దాలి, అంకెల చుట్టూ మాత్రమే ఎందుకు? పైగా అక్కడే రంగు వేయలేదు. అబద్ధం దొరికిందనుకున్నాను. ఇంకొక్క ప్రశ్న వేస్తే పోయేది. వేయలేదు.

ఒక సంగతి ఒప్పుకోవాలి. అంకెల మీద బొటనవేలు ఆనించి చూశాను. పాతవి అరగదీసి కొత్తవి కొడితే రేకు అక్కడ కాస్త గుంటపడుతుంది. గుంట లేదు. రిపోర్టులో గీతల గురించి రాశాను, ‘పెయింట్’ జవాబు రాశాను, చనిపోయిన రైతు గురించి రాశాను. గుంట లేదన్న ముక్క రాయలేదు. గ్రెగ్ సంతకం పెట్టి పోలీసులకు పంపాడు.

నాలుగో రోజున బండిని ట్రక్కు మీదికెక్కించి తీసుకుపోయారు. వీధంతా బయటికొచ్చి చూసిందని తరవాత విన్నాను. అతని పర్మనెంట్ రెసిడెన్సీ దరఖాస్తు అప్పటికే ఇమిగ్రేషన్ ఆఫీసులో ఉంది. దొంగబండి కేసులో విచారణ జరుగుతున్నంతకాలం పోలీసు క్లియరెన్సు రాదు, అది లేనిదే దరఖాస్తు కదలదు.

తొమ్మిది వారాల తరవాత పోలీసు యార్డులో యాసిడ్ పరీక్ష పెట్టారు. చెరిపేసిన అంకెలుంటే యాసిడ్ పూసినప్పుడు వాటి నీడ పైకి తేలుతుంది. కంపెనీ తరఫున నన్ను పిలిచారు. ఖలీల్ ఒక ఫైలు పట్టుకుని నిలబడ్డాడు. యాసిడ్ పూశారు, కాసేపు చూశారు. కింద ఏమీ లేదు. అవే అసలు అంకెలు.

పోలీసతను కాగితాల పనికి లోపలికెళ్ళాడు. ఖలీల్ ఫైల్లోంచి ఒక పల్చటి కాగితం తీసి నా చేతికిచ్చాడు. నంబరు మీద పరిచి పెన్సిలుతో నల్లగా రుద్దిన అచ్చు. మధ్యలో అంకెలు, చుట్టూ తుప్పు తిన్న మచ్చలు, కింద రైతు సంతకం, రెండేళ్ళ కిందటి తేదీ. ఆస్ట్రేలియా రాకముందు విజయవాడ ఆటోనగర్లో పనిచేస్తూ ఇలాంటివి నేనెన్ని తీశానో. బండి చేతులు మారాలంటే మన రవాణా ఆఫీసులో ఛాసిస్ నంబరు పెన్సిల్ ప్రింటు ఇవ్వాలి. అంకెలు స్పష్టంగా పడాలని ముందు ఎమరీతో తుప్పు రుద్దుతాం, రంగు వేస్తే అంకెలు పూడిపోతాయని పైన లక్కర్ పూస్తాం. ఇక్కడ దొంగతనానికి గుర్తయినది అక్కడ పద్ధతి.

“ఆ రోజే చెప్పాను కద సార్, ప్రింట్ కోసం రుద్దానని,” అన్నాడు. “పోలీసులకి కూడా చూపించా. పెన్సిల్ గీతలతో ఏం ప్రూవ్ అవుతుందన్నారు. మీరు అడిగుంటే మీకు చూపించేవాణ్ణి.”

ఆ రోజే తెలుగులో చెప్పి ఉండొచ్చు కదా అన్నాను. ఆ మాట నా నోటి నుంచి రావడమే తప్పు.

“మీరిచ్చిన విజిటింగ్ కార్డు మీద ఇంటిపేరు చూడగానే మనవాళ్ళేనని అర్థమైంది సార్. మీరు ఇంగ్లీష్‌లో స్టార్ట్ చేశారు. సార్‌కి అలాగే కావాలేమోలే అని నేనూ ఇంగ్లీష్‌లోనే మాట్లాడా.”

తల కొట్టేసినట్టయింది. క్షమించమన్నాను. ఫర్వాలేదు సార్ అన్నాడు గాని, నా మొహంలోకి చూడలేదు.

బండి తిరిగిచ్చారు. పోలీసు క్లియరెన్సు డిసెంబరులో వచ్చింది. జనవరి రాగానే బ్యాంకుకు వైటూకే మనుషులతో పని తీరిపోయింది. వీసా ఆ ఉద్యోగానికి ముడిపెట్టినది. దరఖాస్తు తేలేలోపు వీసా గడువు ముగిసింది. మార్చిలో భార్యాభర్తలు గుంటూరు వెళ్ళిపోయారు. అంతకుముందే బండిని ఎవరికో అమ్మేశాడు. ఎవరికన్నది నేను అడగలేదు.

అప్పటి నా రిపోర్టును ఇవాళ చదివినా మాట తేడా ఒక్కటే కనిపిస్తుంది, ప్రింటును పెయింటు చేయడం. దాన్ని చెవి మీదికి నెట్టేయవచ్చు. బొటనవేలికి తెలిసింది రాయకపోవడం మాత్రం నేను తెలిసి చేసిన పని. ఆ తరవాత రిటైరయ్యేదాకా ప్రతి రిపోర్టు చివరా ‘నా అనుమానానికి ఎదురుగా కనిపించినవి’ అని ఒక గడి ఉంచాను. కంపెనీ ఫారంలో అలాంటి గడి లేదు. స్కేలు పెట్టి గీసుకునేవాణ్ణి.