దేనికీ పట్టని తాళంచెవులు ఏడు

పక్కింటికి సున్నం వేస్తున్నారు. మిర్యాలగూడలో నేనుంటున్న గది కిటికీకి, ఆ ఇంటి గోడకు మధ్య రెండు మూరల ఎడం కూడా లేదు. పొద్దుటి నుంచి తడి సున్నం వాసన గదంతా నిండిపోయింది. ఆ వాసన వస్తే నాకు ముందు నవ్వొస్తుంది, ఆ తర్వాత ఒక కాగితం గుర్తొస్తుంది. సూర్యాపేటలో మా అమ్మానాన్నలు ఇప్పటికీ కిరాయికి ఉంటున్న ఇంట్లో, ఇంటివాళ్ళ వంటగది సజ్జ మీద, ఏడు తాళంచెవులను చుట్టిన కాగితం అది. దాని మీద ఏం రాసి ఉందో నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు. తిన్న కూర కూడా రాసుకునే నా డైరీలో ఆ ఒక్క సంగతి రాసుకోలేదు.

అప్పుడా ఇల్లు సుశీల టీచర్‌ది. పోయిన ఏడాది ఆమె కోదాడలో కన్నుమూశారు. మీరు ఆమెను చూడలేదు కాబట్టి చెప్తాను. పొట్టి మనిషి. గడియారం మణికట్టుకు లోపలివైపు కట్టుకునేవారు. తను చెప్పబోయే జోకుకు తనే ముందు నవ్వేసేవారు, అందుకని ఆ జోకు ఎప్పుడూ సగమే వినబడేది. రిటైరయ్యాక కూడా పర్సులో ఒక సుద్దముక్క ఉండేది. ఎక్కడ ఏం రాయాల్సి వస్తుందో తెలియదు కదా అనేవారు. పాలాయనకు చెప్పాల్సినవన్నీ గేటు ముందు బండ మీద సుద్దతో రాసి ఉండేవి, దస్తూరి నల్లబల్ల మీద ఉన్నట్టే.

వెనక పోర్షన్‌లోకి మేం వచ్చినప్పుడు నాకు పదకొండేళ్ళు. నాన్న మార్కెట్ యార్డులో కాంటా వేసే పని చేసేవాడు. ఒకరోజు నాన్న తెచ్చిన మిరపకాయ బజ్జీలు తినేసి, నూనె మరకల కాగితాన్ని వెలుతురుకు పెట్టి చదువుతున్నాను. అందులో ఏదో కథ ఉంది. టీచర్ వచ్చి వెనక నిలబడ్డారు.

“ఏం చదువుతున్నావమ్మాయ్?”

నేను వెనక్కి తిరిగాను. కాగితం అందించాను. ఆమె నిలబడే మొత్తం చదివారు. కథ మధ్యలో కాగితం చిరిగిపోయి ఉంది.

“తర్వాత ఏమైందో తెలుసా?”

తెలియదని తల ఊపాను.

“నాకూ తెలియదు. రాత్రికి నిద్ర పట్టదు ఇక. నువ్వే రాసి చూపించు.”

మర్నాడు ఒక పేజీ రాసి ఆమె తలుపు కింది నుంచి లోపలికి తోశాను. సాయంత్రానికి మా తలుపు కింద ఇంకో కాగితం ఉంది. “బాగుంది. కానీ ఆ ముసలాయన గొడుగు ఏమైంది?” అని. అలా ఎనిమిదేళ్ళు మా మాటల్లో సగం తలుపుల కింద నుంచే నడిచాయి. నన్ను మాట్లాడమని ఆమె ఒక్కసారీ బలవంతం చెయ్యలేదు. నా మొదటి డైరీ ఆమె ఇచ్చిందే. “ముందు కళ్ళు చూసింది రాయి. తర్వాత మనసు అనుకుంది రాయి. రెండోది దొరక్కపోతే మొదటిది చాలు,” అన్నారు. ఇప్పటికీ అలాగే రాస్తున్నాను.

నాకు పందొమ్మిదేళ్ళు వచ్చినప్పుడు ఆమె ఇల్లు అమ్మేశారు. కోదాడలో చెల్లెలు మిషను కుట్టుకుంటూ ఒంటరిగా ఉంటుంది. “చిన్నప్పుడు మా అమ్మ మధ్యలో ఆపించిన తగువులు చాలా మిగిలి ఉన్నాయి. పోయి అవన్నీ పూర్తి చెయ్యాలి,” అన్నారు. కొన్నవాళ్ళది తిరుమలగిరి దగ్గరి ఊరు. తరతరాలుగా గొర్లు కాసిన కుటుంబం. కొడుకు సైదులుకు సూర్యాపేట బస్సు డిపోలో పని దొరికితే, తల్లి లింగమ్మ మందను తమ్ముడికి అప్పగించి కొడుకుతో వస్తోంది. వెనక పోర్షన్‌లో మమ్మల్ని ఉండమన్నారు. రిజిస్ట్రేషన్ అయిపోయింది. వచ్చే ఆదివారం ఇల్లు అప్పగించాలి.

సర్కారు బడిలో పనిచేసినవాళ్ళు బదిలీ అయితే ఊరికే వెళ్ళిపోరు, ఛార్జి ఇచ్చి వెళ్తారు. బెంచీలెన్ని, కుర్చీలెన్ని, గంట ఉందా, గంట కొట్టే ఇనుపకడ్డీ ఉందా, అన్నీ జాబితా రాసి, వచ్చినవాళ్ళకు అప్పజెప్పి సంతకం తీసుకుంటారు. టీచర్ తన ఇంటిని కూడా ఛార్జి ఇచ్చే వెళ్తానన్నారు.

“తాళాలు చేతుల పెడితే అయిపాయె గద టీచర్,” అంది అమ్మ.

“తాళాలిస్తే ఇల్లు తెరుచుకుంటుంది రమణమ్మా. ఇంట్లో ఎట్లా ఉండాలో ఎవరు చెప్తారు?”

జాబితా రాసే పని నాకు పడింది. ఆ వారం నా పరిస్థితి ఎవరికీ తెలియదు. నేను టీచర్ ట్రైనింగ్‌లో చేరి కొన్ని నెలలే అయింది. మొదటి పాఠం చెప్పమని ఒక బడికి పంపారు. బోర్డు మీద తేదీ రాశాను. వెనక్కి తిరిగాను. నలభై మంది పిల్లలు. నోరు తెరుచుకోలేదు. మళ్ళీ బోర్డు వైపు తిరిగి ఆ తేదీనే దిద్దుతూ నిలబడ్డాను. పిల్లలు నవ్వారు, మా లెక్చరర్ నవ్వలేదు. మళ్ళీ సోమవారం చెప్పాలి. నేను చెప్పదలచుకోలేదు. ఆరోగ్యం బాగోనందున ట్రైనింగ్ మానేస్తున్నాను, అనుమతించగలరని ప్రిన్సిపాల్‌గారికి దరఖాస్తు రాసి, నాలుగు మడతలు పెట్టి బ్యాగులో దాచుకున్నాను. సోమవారం పొద్దున ఇచ్చేస్తే ఇక ఎవరి ముందూ నిలబడే పని ఉండదు.

ఆ కాగితం బ్యాగులో పెట్టుకుని తిరిగిన ఆ వారమే నేను ఎన్నడూ లేనంతగా నవ్విన వారం కూడా. ముందు సున్నాలు వేశాం. సున్నంలో నీలిమందు చిటికెడు కలపమంటే నేను పొట్లం మొత్తం వంపేశాను. తడి మీద తెలియలేదు. ఆరాక ముందుగది నిండా నీలం. అమ్మ తల పట్టుకుంది. టీచర్ గది మధ్యలో నిలబడి పైకీ కిందికీ చూసి, “రాసుకో,” అన్నారు. “రెండో నంబరు. ముందుగది. రంగు: ఆకాశం. బాధ్యులు: జాబితా రాసే అమ్మాయి.”

ఆమె చెప్తూ ముందు నడిచేవారు, నేను పొడుగు నోట్‌బుక్ పట్టుకుని రాస్తూ వెనక. మూడో నంబరు, ముందు తలుపు: వానాకాలం ఉబ్బుతుంది, మోకాలితో కింద నెట్టాలి, భుజంతో పైన కాదు. ఏడో నంబరు, వంటింటి నల్లా: తిప్పగానే మూలుగుతుంది, నీళ్ళు దారిలో ఉన్నాయని అర్థం. పన్నెండు, కరివేపాకు చెట్టు: చెట్టు ఇంటిది, ఆకు వాడకట్టుది. ఇరవై, నడిమి గది: పెద్ద వానకు మూల కారుతుంది.

“గా కారుడు ముచ్చటెందుకు చెప్పుడు టీచర్?” అమ్మ గుసగుసలాడింది.

“అమ్మకముందే చెప్పాను. ఇప్పుడు గిన్నె ఎక్కడ పెట్టాలో చెప్తున్నాను.”

ఒక పౌడరు డబ్బాలో పదహారు తాళంచెవులు దొరికాయి. పెట్టెలకు, తలుపులకు, బీరువాకు అన్నీ పెట్టి చూశాం. తొమ్మిది పట్టాయి. ఏడు దేనికీ పట్టలేదు. ఇనుప సామానోనికి ఏస్తే పోద్ది గదా అంది అమ్మ. టీచర్ నొచ్చుకున్నారు.

“పై అధికారి అనుమతి లేకుండా ఛార్జిలో వస్తువు పారెయ్యకూడదు.”

“మీ ఇంటికి పై అధికారెవలు టీచర్?”

టీచర్ తాళంచెవులను ఇంకోసారి లెక్కపెట్టి, “అదే చిక్కు,” అన్నారు. తాళంచెవులు ముప్పై రెండో నంబరుగా జాబితాలోకి ఎక్కాయి.

దానికి ముందుది ముప్పై ఒకటి. “వెనక పోర్షన్. కిరాయిదార్లు ముగ్గురు. మంచివాళ్ళు. ఇంటావిడ పచ్చళ్ళు బాగా పెడుతుంది.” కొంచెం ఆగి, “వాళ్ళమ్మాయి మాట్లాడదు,” అన్నారు. నా పెన్ను ఆగిపోయింది. “రాయమ్మాయ్. ఛార్జిలో ఉన్నది ఉన్నట్టే రాయాలి.” రాశాను. ఆ రెండు మాటలు చీమల్లాగా వచ్చాయి.

ఆదివారం వచ్చింది. సామానంతా ముందురోజే లారీలో కోదాడకు పోయింది. టీచర్ చర్చి నుంచి నేరుగా వచ్చారు. లింగమ్మ కొడుకునూ కోడలినీ వెంటబెట్టుకుని వచ్చి, నీలం గదిని చూసి, “బయటున్నమా, లోపలున్నమా?” అంది. టీచర్ నోట్‌బుక్ తీసి నా చేతిలో పెట్టారు.

“చదువు.”

నేను తలెత్తి చూశాను.

“రాసినవాళ్ళే చదవాలి. నేను చదివితే చెల్లదు. ఛార్జి రూలు అది. తీసుకునేవాళ్ళు ఒక్కో నంబరుకూ ‘అందింది’ అనాలి.”

“రూలంటే రూలే గద బిడ్డ,” అంది లింగమ్మ, చాప మీద కూర్చుంటూ. “నాకైతే సదువు రాదు. నువ్వు సెప్తేనే నాకు ఇల్లు.”

మొదటి రెండు నంబర్లు నేను చదివింది నాకే వినబడలేదు. లింగమ్మ ముందుకు వంగింది. “జర గట్టిగ బిడ్డ. నోట్ల బెల్లం పెట్టుకున్నవా?” అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, నవ్వుతోపాటే కొంచెం గొంతు బయటికొచ్చింది. ఖాళీ గది ఆ కొంచాన్నే రెండింతలు చేసింది. మూడో నంబరు చదివాను. లింగమ్మ లేచి వెళ్ళి తలుపును మోకాలితో నెట్టి, మందను అదిలించినట్టు “అందింది” అని కేకేసింది. ఆమె చదువు రాని మనిషి కాబట్టి ప్రతి మాటనూ వెంటనే చూసుకుని, పట్టుకుని దాచుకుంటోంది. నా మాట కోసం ఒక మనిషి అలా కాచుకుని కూర్చోవడం నేను అంతకుముందు ఎరగను. నల్లా తిప్పించి మూలుగు విన్నది. గిన్నె పెట్టే చోట కాలి బొటనవేలితో గుర్తు పెట్టుకుంది. కరివేపాకు చెట్టు దగ్గర అనుమానమొచ్చింది.

“నాకు రెండు మ్యాకలున్నయ్. గీ ఆకంటే పానమిడుస్తయ్. గాటి సంగతి ఏమన్న రాసిన్రా?”

“రాయలేదు,” అన్నాను. “నడుమెత్తు దాక కంప కడితే అందదు. ఉత్తరం దిక్కు ఒక కొమ్మ కిందికున్నది, అది కొట్టేయాలె.”

అమ్మ నా వైపు తిరిగి చూసింది. నోట్‌బుక్‌లో లేని మాట చెప్పానని అప్పుడు తెలిసింది నాకు. టీచర్ మాత్రం చెట్టునే చూస్తున్నారు, దాన్ని ఎప్పుడూ చూడనట్టు.

ముప్పై ఒకటి దగ్గర ఆగిపోయాను. “కానియ్ బిడ్డ,” అంది లింగమ్మ. పచ్చళ్ళ దాకా గట్టిగానే చదివాను. “వాళ్ళమ్మాయి మాట్లాడదు,” అని నేలకు చెప్పాను.

‘అందింది’ వినబడలేదు. తలెత్తి చూస్తే లింగమ్మ మొహం చిట్లించుకుని ఉంది.

“గా పిల్ల ఎవలు బిడ్డ?”

“నేనే.”

“గంట సేపట్నుంచి నా సెవులు తింటున్నది ఎవలు మల్ల?” అని టీచర్ వైపు తిరిగింది. “పంతులమ్మా, గిది తప్పు రాసిన్రు. నాకు అందలే. దిద్దుండ్రి.”

టీచర్ నోట్‌బుక్ వైపు గడ్డంతో చూపించారు. “దిద్దితే పక్కన సంతకం పెట్టాలి. రాసినవాళ్ళే.”

కొట్టేశాను. పక్కన సంతకం పెట్టాను. “ఇప్పుడు అందింది,” అంది లింగమ్మ.

ఆఖరుది ముప్పై రెండు. దేనికీ పట్టని తాళంచెవులు ఏడు. లింగమ్మ వాటిని రెండు చేతులతో అందుకుంది. ఎందుకని అడగలేదు. “సజ్జ మీద పెడ్త, ఎన్నడన్న ఏదన్న పెట్టె దొరకకపోద్దా. సుట్టనీకి కాయితమేమన్న ఉన్నదా బిడ్డ?” ఇంట్లో ఒక్క కాగితం ముక్క కూడా మిగల్లేదు. నేను బ్యాగులో చెయ్యి పెట్టి నాలుగు మడతల దరఖాస్తును తీశాను. మడతలు విప్పకుండా ఒక్క క్షణం పట్టుకున్నాను. తర్వాత విప్పి, రాసిన వైపు లోపలికి పెట్టి, ఏడు తాళంచెవులనూ పొట్లం కట్టి ఇచ్చేశాను. మొన్న వెళ్ళినప్పుడు కూడా ఆ పొట్లం సజ్జ మీదే ఉంది.

సోమవారం పాఠం గొప్పగా చెప్పానని అనను. కానీ తేదీ రాసి తిరిగి చూసినప్పుడు, నలభై మందిలో ముందు బెంచీ మీద ఒక్క లింగమ్మ కూర్చుందనుకున్నాను. ఆమెకు చెప్పాను. ఇప్పుడు వేములపల్లి దగ్గర ఒక చిన్న బడిలో పనిచేస్తున్నాను. మా పిల్లలు “అర్థమైంది టీచర్” అనరు, “అందింది” అంటారు. అందకపోతే అందలేదంటారు. వాళ్ళలో మాట్లాడని పిల్ల ఒకతి ఉంది. బల్ల కింద నుంచి నాకు చీటీలు తోస్తుంది. జవాబులు రాస్తున్నాను. తొందరేం లేదు.

పోయిన ఏడాది మా బడిలో ఇంకొక సారుకు బదిలీ అయింది. ఆయన జాబితా నా ముందుకు తోసి, “సంతకం పెట్టమ్మా, బస్సుకు టైమయితున్నది,” అన్నారు.

“మీరు చదవాలి కద సార్? రాసినవాళ్ళే చదవాలె, తీసుకునేవాళ్ళు అందింది అనాలె.”

ఆయన నా మొహంలోకి చూశారు. “ఎవరు చెప్పిన్రమ్మా నీకు? ఇరవై ఏళ్ళ సర్వీసుల నేనెన్నడు వినలేదు.”

ఆ సాయంత్రం కోదాడకు ఫోన్ చేశాను. అవతల కుట్టుమిషను చప్పుడు, దాని మీద నుంచి చెల్లెలితో ఏదో తగువు. “టీచర్, రాసినవాళ్ళే చదవాలనే రూలు లేదట,” అన్నాను. కాగితం సంగతి కూడా చెప్దామనుకున్నాను గానీ అప్పటికే ఆమె నవ్వు మొదలైంది. పది రోజుల తర్వాత ఆమె పోయారని కబురొచ్చింది. ఆలోపు మేం మళ్ళీ మాట్లాడుకోలేదు. ఆ రోజు నవ్వు ఆపుకుని, దగ్గి, ఆమె అన్నది ఇంతే:

“ఎందుకు లేదమ్మాయ్? ఆ ఆదివారం నుంచి ఉంది.”