శ్రీకాకుళం నుంచి రోజూ వచ్చే ఆవిడ

నాన్న కొట్టు ప్రకటన మీద రోజూ పొద్దున్నే నొక్కిన వేళ్ళలో ఒకటి నాది. ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. పదమూడో ఏట నుంచి డైరీ రాస్తున్నదాన్ని, అందులో కూడా రాయలేదు. ఒకసారి రాయబోయి, ఆ పూట పడిన వాన గురించి రెండు పేజీలు రాసి మూసేశాను.

మాది పాతపట్నం. బజార్లో మాకు గిన్నెల కొట్టు ఉంది. స్టీలు, ఇత్తడి, సత్తు సామాను, పెళ్ళిళ్ళ కాలంలో గుండిగలూ గంగాళాలూ. డిగ్రీ అయ్యాక నేను శ్రీకాకుళంలో ఒక చిన్న ఆఫీసులో చేరాను. బట్టల దుకాణం మేడ మీద రెండు గదులు, నాలుగు కంప్యూటర్లు. చుట్టుపక్కల వ్యాపారస్తులకి వెబ్‌సైట్లు తయారుచేసి, వాటికి ఇంటర్నెట్‌లో ప్రకటనలు వేసిపెట్టే పని. ఇంటింటికీ స్మార్ట్‌ఫోన్ వస్తున్న రోజులవి. అందరికీ వెబ్‌సైట్ కావాలి, అదేమిటో ఎవరికీ తెలియదు. నాకిచ్చింది తెలుగులో మాటలు రాసే పని. నలుగురిలో నోరు పెగలని నాకు అంతకంటే మంచి ఉద్యోగం దొరకదని నమ్మాను.

నాన్నకి ఇష్టం లేదు. అలాగని కోప్పడే మనిషి కాదు, బేరం పెట్టే మనిషి.

"ఒక నెల సూద్దాం. మన కొట్టు కూడా ఆ ఇంటర్నెట్టులో ఎట్టండి. మనల్ని ఎరగని మనిషి ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, అది సూసి మన మెట్లెక్కాల. ఎక్కితే నువ్వక్కడే ఉండి ఉద్యోగం సేసుకో. ఎక్కకపోతే ఇంటికొచ్చి కొట్లో కూకో. అప్పుడు నీకూ నాకూ తేలిపోతాది."

నేను సరేనన్నాను. ఆ సరే అన్న క్షణం నుంచి నెల తిరిగేదాకా ఒక్కచోట నిలకడగా కూర్చున్న గుర్తు లేదు.

ఆఫీసులో నాకు పని నేర్పినావిడ నాకంటే ఐదేళ్ళు పెద్దది. విజయనగరం వైపు మనిషి, రామతీర్థం దగ్గర పల్లె. మొదటిరోజే అక్కా అని పిలిచాను. ఆమెతోనే ఒక గదిలో అద్దెకి ఉండేదాన్ని. నేను పేజీలు తిప్పి నేర్చుకునే రకం, ఆమె నోటితో నేర్పే రకం.

"ఇంప్రెషనంటే ఏటనుకున్నావు? బస్సులో పోతన్నావు, గోడ మీద రాత కనబడినాది. సదివినావో లేదో దేవుడికే తెలియాల. అదే ఇంప్రెషను. బస్సు దిగి ఆ కొట్లోకి ఎల్తే అది క్లిక్కు. గుమ్మంలోంచే ఎనక్కి తిరిగీసినావనుకో, బౌన్సు."

"మా కొట్టుకి అలా వచ్చి వెళ్ళిపోయేవాళ్ళు చాలామంది అక్కా."

"అయితే మీ నాన్నకి బౌన్సు రేటు సెప్పక్కర్లేదే. మనకన్నా ఆయనకే బాగా తెలుసు."

కీవర్డులంటే కొనేవాళ్ళు వెతుకుతూ టైపు చేసే మాటలని చెప్పి, నాన్న కొట్టుకి ఓ పాతిక రాసుకురమ్మంది. నేను శ్రద్ధగా పాత్రలు, వంటపాత్రలు, లోహపాత్రలు అని రాసుకెళ్ళాను. అక్క కాగితం చూసి కుర్చీలో వెనక్కి వాలింది. "లోహపాత్రలని ఎవులైనా ఎతుకుతారేటే? పుస్తకాలు సదవడం కొంచెం తగ్గించు. స్టీలు సామాను, ఇడ్లీ కుక్కరు. అదీ ఇంగ్లీషు అక్షరాల్లో. మనూళ్ళల్లో తెలుగు టైపు సేసేంత ఓపిక ఎవులికుంది?" తెలుగు రాయడానికి పెట్టుకున్న మనిషితో ఈ మాట అని, అయ్యో అనుకుందేమో, సాయంత్రం బజ్జీలు కొనిపెట్టింది.

వెబ్‌సైట్ అంటే ఒక్క పేజీయే. ప్రకటన నొక్కినవాళ్ళు నేరుగా వచ్చి దిగేది అందులోకే కాబట్టి దాన్ని ల్యాండింగ్ పేజీ అంటారు. పైన కొట్టు పేరు, కింద ఫోన్ నంబరు, తరవాత బిందెల ఫొటోలు. ప్రకటన ఏయే ఊళ్ళవాళ్ళకి కనబడాలో కూడా మనమే చెప్పాలి. శ్రీకాకుళం, టెక్కలి, పలాస, అవతల ఒడిశాలో పర్లాకిమిడి అని పెట్టింది అక్క. పాతపట్నం వద్దంది. ఊరందరికీ తెలిసిన కొట్టుకి ఆ ఊళ్ళోనే ప్రకటన ఎందుకని. కానీ నాన్న తన ఫోన్లో చూసుకోవాలంటాడు, కనబడకపోతే అసలు వెయ్యనేలేదంటాడు. అక్కని బతిమాలి పాతపట్నం కలిపించాను. రోజుకి ఇంతని ఒక మొత్తం కట్టాం. ఒక్కో క్లిక్కుకి అందులోంచి కొంత తెగుతుంది. అది అయిపోతే మర్నాటిదాకా ప్రకటన ఎవరికీ కనబడదు. ఇదంతా నాకు మొదటి వారంలోనే క్షుణ్ణంగా తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు లేదు.

మా బజార్లో పొద్దున్న బోణీ చేసిన చేతిని బట్టి ఆ రోజు వ్యాపారం నడుస్తుందంటారు. చిన్నప్పుడు నా చెయ్యి మంచిదని ఎవరో అన్నారు. అప్పటినుంచి బడికి వెళ్ళేముందు నాన్న నా చేతిలో ఒక రూపాయి బిళ్ళ పెట్టి కొట్టు మెట్ల కిందికి పంపేవాడు. నేను బయటి మనిషిలా మెట్లెక్కి, స్టీలు చెంచా ఉందా అండీ అని అడగాలి. నాన్న నవ్వకుండా తీసిచ్చేవాడు. బిళ్ళ కళ్ళకద్దుకుని గల్లాలో వేసేవాడు. సాయంత్రానికి చెంచా మళ్ళీ అరలోకి వెళ్ళేది. పదో తరగతి అయ్యేదాకా ఒకే చెంచాని కొంటూ వచ్చాను.

ప్రకటన మొదలైన రోజు పొద్దున్న అక్క స్నానానికి వెళ్ళింది. నేను ఫోన్లో స్టీలు సామాను అని కొట్టాను, ఇంగ్లీషు అక్షరాల్లోనే. అన్నిటికంటే పైన మా కొట్టు పేరు. కింద నేను రాసిన రెండు వాక్యాలు. వేలు దానంతట అదే వెళ్ళింది. మొదటి మనిషి రాకుండా కొట్టు తెరిచి కూర్చోవడం నాకు అలవాటు లేదు. మర్నాడూ అంతే. ఆ పైరోజూ అంతే. అక్క బకెట్టు చప్పుడు వినబడుతుండగా నొక్కి, బొమ్మలన్నీ ఒకసారి చూసి, ఫోన్ దిండు కింద పెట్టేసేదాన్ని.

పదిరోజులు గడిచాయి. కొట్టుకి ఒక్క ఫోన్ రాలేదు. నేను ఆఫీసులో వేరే పని చేస్తూ గంటకోసారి ఆ లెక్కల పేజీ తెరిచేదాన్ని. ఏ రోజు చూసినా తొమ్మిదిలోపే ఆనాటి మొత్తం అయిపోయి ఉండేది. పదకొండో రోజు అక్క తన కుర్చీ నా పక్కకి లాక్కుని, ఏ ఊరి నుంచి ఎన్ని క్లిక్కులో విప్పి చూపించింది.

"పాతపట్నం, పాతపట్నం, మళ్ళీ పాతపట్నం. ఎనిమిదింటికి మీ ఊరంతా లేచి గిన్నెలు కొంటాదేటే?"

అక్క వేలు కింది వరస మీదికి జారింది.

"ఇదిగో, ఇదొక్కటి సూడు. శ్రీకాకుళం. రోజూ ఏడున్నరకే. ఒక్కరోజు తప్పలేదు. నిమిషం పైగా ఉంటన్నాది, అన్ని బొమ్మలూ సూస్తన్నాది. ఇదీ అసలైన మనిషంటే."

"ఎవరో," అన్నాను.

"ఇల్లాలే. పిల్లల్ని తయారుసేస్తూ సూస్తాది. కూతురికి సారె పెట్టాలేమో. ధైర్యం సాలక ఫోన్ సెయ్యడం లేదు. పోనీలే, ఈవిణ్ణి మనం వదలకూడదు."

ముందు నాన్నకి ఫోన్ చెయ్యమంది. అక్క పక్కనే నిలబడి ఉండగా చేశాను. పొద్దున్న ఎవరెవరు నొక్కుతున్నారని అడిగాను. నాన్న గొంతులో ఉత్సాహం దాగలేదు.

"అందరం నొక్కుతన్నామమ్మా. తాళం తీసి, దీపం ఎట్టి, ముందు నేను. తర్వాత మందుల కొట్టాయన, బట్టల కొట్టాయన, ఆళ్ళ తమ్ముడు. సందు సందంతా సేత్తన్నారు. నువ్వు ఊళ్ళో లేవు గదా బోణీకి."

నొక్కిన ప్రతిసారీ మన డబ్బే పోతుందనీ, మీరంతా నొక్కేశాక బయటివాళ్ళకి కనబడటానికి ఏమీ మిగలడం లేదనీ చెప్పాను. గట్టిగా చెప్పమని అక్క సైగ చేసింది. గట్టిగా చెప్పాను. జీవితంలో నాన్నతో అలా మాట్లాడటం అదే మొదలు.

"మేమే తినీస్తన్నామా అయితే," అన్నాడు. "తెలీక సేసినానమ్మా. అందరికీ సెప్పెస్తాను. ఇంకెవులూ ముట్టుకోరు."

అక్క ఆ పూటే ఊళ్ళ జాబితాలోంచి పాతపట్నం తీసేసింది. ఇక నాన్నకి తన కొట్టు పేరు ఫోన్లో కనబడదు. తీసేసిన సంగతి ఆయనకి చెప్పలేదు. ఎలాగూ చూడటం మానేస్తానన్నాడు కదా అనుకున్నాను.

తరవాత అక్క ఆవిడ పని పట్టింది. రీమార్కెటింగ్ అని ఒకటుంది. ఒకసారి మన పేజీకి వచ్చి ఏమీ కొనకుండా వెళ్ళినవాళ్ళు ఇంటర్నెట్‌లో ఎక్కడికి వెళితే అక్కడ మన బొమ్మ కనబడేలా చెయ్యడం. "ఇంటిదాకా ఎనకాలే ఎల్లి పిలవడమన్నమాట," అంది అక్క. దానికి బ్యానర్ తయారుచేసింది. మాటలు నన్నే రాయమంది, ఆవిణ్ణి మనసులో పెట్టుకుని రాయమంది. రాశాను. 'చూసి వెళ్ళిపోయారా? మొహమాటం వద్దు. ఒక్కసారి ఫోన్ చేయండి.' పక్కన ఇత్తడి బిందె.

మర్నాటి నుంచి ఆ బిందె నా వెంటపడింది. కథలు చదువుకునే పేజీలో మూడో పేరా పక్కన బిందె. రైలు టైము చూడబోతే బిందె. ఒక పదానికి అర్థం వెతకబోతే అర్థం కిందే బిందె, మొహమాటం వద్దు. బస్సులో పక్క సీట్లో ఎవరైనా నా ఫోన్ వైపు చూస్తే గబుక్కున మూసేసేదాన్ని. రాత్రి డైరీ తెరిస్తే చెయ్యి సాగేది కాదు. నడుద్దామని నాగావళి వంతెన దాకా వెళ్ళి, నీళ్ళయినా సరిగా చూడకుండా తిరిగొచ్చేదాన్ని.

నొక్కడం మానేశాను. మానేశాక అర్థమైంది, ఆ పని ఎంత అలవాటైందో. అక్క స్నానానికి వెళ్ళినప్పుడు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

"ఇయ్యాల రాలేదే ఆవిడ," అంది అక్క మొదటిరోజు.

రెండోరోజు, "ఒంట్లో బాగోలేదేమో."

నాలుగోరోజు నిజంగానే దిగులు పడింది. "ఎక్కడో కొనీసుంటాది. మనం ఆలస్యం సేసినాం. పది రోజులు గుమ్మంలో నిలబడినాది గదే, ఎవులైనా లోపలికి రమ్మనొద్దూ?"

చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. ఆగింది ఉద్యోగం పోతుందని కాదు. నా తప్పేమీ లేనట్టు నాన్నని ఆరోజు మందలించాను, అది అక్క విన్నది. ఆ గొంతుతోనే ఇప్పుడు ఇది ఎలా చెప్పను? అక్క మంచినీళ్ళు తాగి ఇంకో వెబ్‌సైట్ పనిలో పడింది. నేను లేచి మేడ మీది నుంచి రోడ్డు చూసి, మళ్ళీ వచ్చి కూర్చుని, మళ్ళీ లేచాను.

రోజుకి కట్టిన మొత్తం ఇప్పుడు సాయంత్రం దాకా ఉంటోంది. ప్రకటన కనబడుతోంది. టెక్కలి నుంచి ఒకటి, పలాస నుంచి రెండు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే పోతున్నారు. నాన్న పెట్టిన నెల నిండటానికి ఇంకా మూడు రోజులే ఉన్నాయి. బట్టలు కొన్ని సంచిలో సర్దేశాను, ముందుగా సర్దితే బాధ తక్కువుంటుందని. అక్క చూసింది.

ఆ మధ్యాహ్నం భోజనాల వేళ నాన్న ఫోన్ చేశాడు. కొట్టు టైములో ఆయన ఫోన్ చెయ్యడు.

"అమ్మా, ఒకాయనొచ్చినాడు. పర్లాకిమిడి నుంచి. అక్కడ హోటలెడతన్నాడంట. ఫోన్లో మన పేరు సూసి బస్సెక్కీసినాడు."

"కొన్నాడా నాన్నా?"

"రెండు గుండిగలు, సత్తు డేగిసాలు. అది కాదు. ఎవరి తాలూకా బాబూ అని అడిగినాను. ఎవరి తాలూకా కాదండీ అన్నాడు. పర్లాకిమిడిలో మన చిన్న మావయ్యని ఎరుగుదువా అన్నాను, ఎరగనన్నాడు. నాకు అనుమానం తీరక మందుల కొట్టాయన్ని పిలిచి సూపించినాను. ఆయనా ఎరగడు. సగం ఒడియా, సగం తెలుగు. బస్సెక్కించి మరీ వచ్చినాను. నిజంగానే ఎరగని మనిషేనమ్మా."

అక్క నా మొహం చూసి సగం తిన్న డబ్బా పక్కన పెట్టింది. నేను ఫోన్ పట్టుకుని మెట్ల మీదికి వెళ్ళాను. ఇప్పుడు చెప్పాలి, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని తెలుసు.

"నాన్నా, ఒక మాట. పొద్దున్న పూట నొక్కడం సంగతి..."

"అదే నేనూ అనుకుంటన్నాను," అన్నాడు. "మేం వేళ్ళు ఎట్టకపోతే ముందే వచ్చీవోడేమో. నీ నెల నేనే పాడు సేసీబోయినాను."

"కాదు నాన్నా," అన్నాను. ఆ తరవాత రావలసిన వాక్యం తయారుగానే ఉంది. రాలేదు. కింద బట్టల దుకాణంలో ఎవరో గుడ్డ తాను విప్పి పరిచిన చప్పుడు. నాన్న అవతల గొంతు సవరించుకున్నాడు.

"సరేలే. సోమవారం బస్సుకి బియ్యం సంచీ ఏసీమంటావా? ఉండేదానివే గదా."