కల్వర్టు దాకా మారథాన్

దేశంలో మారథాన్ గెలిచిన వాళ్లందరినీ తెచ్చి ఎల్లారెడ్డి రోడ్డు మీద వరుసగా నిలబెట్టండి. మా అవ్వ భూదవ్వ గొంతు ముందు ఒక్కడు కూడా ఆగలేడు. కాళ్ల సంగతి మెల్లగా మాట్లాడుకుందాం.

మా నాయనమ్మను మేమంతా అవ్వ అంటాం. అవ్వ ఏ పనీ చప్పుడు లేకుండా చేయలేదు. పప్పులో ఉప్పు వేస్తే మూడిళ్ల అవతలికి తెలుస్తుంది. ఆవులిస్తే పక్కింటి బర్రె లేచి నిలబడుతుంది. "నీకొక్కదానికే చెప్తున్న, ఎవ్వలకు చెప్పకు" అని నా చెవిలో చెప్పిన రహస్యాలకు వీధి చివరి నుంచి జవాబులు వచ్చాయి.

అటువంటి అవ్వ అరవై ఎనిమిదో ఏట మారథాన్ మీద పడింది.

నిజానికి ఆ మారథాన్ నాది. పదో తరగతి తప్పాక నేను కామారెడ్డిలో ఒక బట్టల షాపులో పనికి కుదిరాను. ఆ ఊళ్లో ఒక రిటైరైన పీటీ సారు ఆదివారాలు పరుగు నేర్పిస్తాడు. "నాలుగో ఆదివారం ఆగకుండ పది కిలోమీటర్లు ఉరికినోళ్లనే హైదరాబాద్ మారథాన్‌కు తయారు చేస్త. మిగిలినోళ్లు ఇంట్ల కూసోండ్రి" అన్నాడు. బడిలో నాకు వచ్చిందల్లా పరుగొక్కటే. అది కూడా లెక్కల సారు ఎదురైనప్పుడు. పేరు రాయించాను.

మర్నాడు పొద్దున్నే మా ఊరి రోడ్డెక్కాను. కల్వర్టు పక్కన వెంకటి హోటల్. ముందు బల్ల మీద ఆరుగురు చాయ్ తాగుతున్నారు.

"ఏంది పిల్లా, ఎవలన్న తరుముతున్నరా?" అన్నాడొకడు.

"బస్సు పోయిందా?" అన్నాడు ఇంకొకడు.

మూడోవాడు చాయ్ పక్కన పెట్టి మరీ చూశాడు. అదే ఎక్కువైంది. ఇంటికొచ్చి, బూట్లు బియ్యం డబ్బా వెనక పడేసి, మోకాలు నొప్పి అన్నాను. ఏ మోకాలని తాత హన్మండ్లు అడిగితే రెండూ పట్టుకున్నాను.

అవ్వ ఏమీ అనలేదు. అవ్వ ఏమీ అనకపోవడం మా ఇంట్లో అదే మొదటిసారి. తాత తన చెవులకేమైనా అయిందేమోనని వేలు పెట్టి చూసుకున్నాడు.

తెల్లారి ఐదున్నరకు అవ్వ కొంగు నడుముకు చుట్టి వాకిట్లో నిలబడింది.

"నేను గూడ మారథాన్ ఉరుకుత!" అని ఊరికి తెలియజేసింది.

"నలభై రెండు కిలోమీటర్లు అవ్వా!"

"ఉండనియ్యి. నేనేమన్న మొయ్యాల్నా?"

"మరి మోకాళ్లు?"

"నీ లెక్కనే రెండున్నయ్."

తాత నావైపు తిరిగాడు. "పోరీ, నువ్వు గూడ పో. యాడనన్న పడ్తది."

కాపలా కోసం కదా అని నేను బూట్లు బయటికి తీశాను.

అవ్వ బయలుదేరింది. కాళ్లు నడుస్తున్నాయి, చేతులు పరుగెత్తుతున్నాయి, నోరు రెంటికంటే ముందు పోతోంది. "జరుగుండ్రి! జరుగుండ్రి! వస్తున్న!"

మా దిక్కు ముసలమ్మ పొద్దున్నే కేకలేస్తూ రోడ్డు మీద ఉరికిందంటే ఒకటే అర్థం. ఎవరో పోయారు. ఎవరని ఆపి అడగడం మర్యాద కాదు. ఉరికేది ఎవరో చూసుకొని వాళ్లింటికి పోతారు. మేం కల్వర్టు దాకా పోయి వచ్చేసరికి మా ఇంటి ముందు నలభై మంది. మగవాళ్ల భుజాల మీద తువ్వాళ్లు. ఒకాయన అప్పటికే డప్పులవాళ్లకు ఫోన్ కలుపుతున్నాడు. మధ్యలో తాత అరుగు మీద చాయ్ తాగుతూ వచ్చినవాళ్లకు వచ్చినట్టు దండం పెడుతున్నాడు.

"మామా, పోయింది నువ్వేనా?" అని ఫోన్ పట్టుకున్నాయన అడిగాడు.

"నాకైతే ఎవలు చెప్పలే" అన్నాడు తాత.

మధ్యాహ్నం బస్సుకు తాత చెల్లెలు రాజంపేట నుంచి ఏడుస్తూ దిగింది. అన్నను చూసి ఆగింది. "గింత దూరం ఏడ్చుకుంట వచ్చిన. ఇప్పుడు ఊకోమంటె ఎట్ల?" అని ఇంకో పావుగంట ఏడ్చి, కాళ్లు కడుక్కొని అన్నానికి కూర్చుంది.

ఆ రోజు నుంచి అవ్వ పరుగు ఊరికి జాతర. పరుగు మాత్రం కల్వర్టు దాకానే, అర కిలోమీటరు. అక్కడ వెంకటి హోటల్లో కూలబడి, "నువ్వు పోతుండు, నేను దమ్ము తీస్కోని వస్త" అని నన్ను ముందుకు తోలేది. దమ్ము తీసుకోవడానికి గంట పట్టేది. మాట్లాడుతూ తీసుకునేది మరి. ఆ గంటలో ఊరికే నిలబడలేక నేను మొదటి వారం మూడు కిలోమీటర్లు, రెండో వారం ఐదు పోయి వచ్చాను. సారు నాకు తినమన్న అరటిపండ్లు అవ్వ హోటల్లో కూర్చొని తినేది. "ఉరికేది నువ్వు, అలిసేది నేను" అనేది.

రెండో వారం వెంకటితో కొట్లాట పెట్టుకుంది.

"ఏం హోటలురా నీది! బల్ల గిట్ల ఏస్తె మొఖం మీద ఎండ గొట్టదా? తిప్పు!"

వెంకటి తిప్పాడు. అవ్వ ఎదురుగా కుర్చీ వేసుకుంది. ఆరుగురి మొహాలు అవ్వకు, ఆరు వీపులు రోడ్డుకు. ఐదున్నరకు ఎండేమిటని ఎవరూ అడగలేదు. అడగాలంటే అవ్వ ఆగాలి కదా.

నాలుగో ఆదివారం కామారెడ్డిలో పది కిలోమీటర్లు ఆగకుండా ఉరికాను. సారు గడియారం రెండుసార్లు చూసి నా పేరు రాసుకున్నాడు. మా ఊళ్లో బస్సు దిగి, వెంకటి హోటల్లో నీళ్లు తాగుతూ గొప్పగా చెప్పాను.

"నువ్వు గూడ ఉరుకుతున్నవా?" అన్నాడు వెంకటి.

"నెల దినాల సంది నీ హోటల్ ముంగటికెల్లే పోతున్న కదనే!"

"ఏమో పిల్లా. మేమంత అవ్వను చూస్తున్నం."

బల్ల మీదివాళ్లు కూడా అవునన్నారు, మెడలు వెనక్కి తిప్పి. నేను గ్లాసు పట్టుకొని ఆ వీపులను కాసేపు చూశాను. తర్వాత ఇంటికి ఉరికాను.

అవ్వ పొయ్యి దగ్గర ఉంది. చప్పుడు లేదు. దాంతో నా అనుమానం గట్టిపడింది.

"అవ్వా, నిజం చెప్పు. నువ్వు ఉరికింది నా కోసమేనా?"

అవ్వ నన్ను కింది నుంచి పైదాకా చూసి, మూడిళ్ల అవతలికి వినపడేలా అన్నది:

"నీ కోసం ఉరికేటందుకు నాకేం పని లేదా? చాయ్ నీళ్లు మరుగుతున్నయ్, పాలు లెవ్వు, తేపో. నడుసుకుంట పోయినవంటె రెండు మోకాళ్లు ఇరగ్గొడ్త!"