సరోజ సరిచూసుకుంది

ఢిల్లీ కంటోన్మెంటు క్వార్టర్స్‌లో హవల్దారు వరప్రసాద్ భార్య సరోజ అంటే అందరికీ హడల్. ఆమె గొంతు వింటే కూరగాయల భయ్యా కూడా తక్కెడ సరిచేసుకునేవాడు. అంతటి మనిషినీ లెక్కల పేపరు గడగడలాడించింది. శ్రీకాకుళంలో పదో తరగతి తప్పింది లెక్కల్లోనే. ఇన్నేళ్ళకు ఓపెన్ స్కూల్లో కడితే మళ్ళీ అక్కడే తన్నింది. క్వార్టర్స్ పక్కనున్న నర్సరీ బడిలో టీచరుకు సహాయకురాలి ఉద్యోగం ఆమె కోసం ఆగి ఉంది. ఈసారీ తప్పితే వేరేవాళ్ళను పెట్టుకుంటామని తేల్చి చెప్పేశారు.

తొమ్మిది చదివే కూతురు అక్షరే గురువు. సమీకరణాలు సరోజకు ఇట్టే పట్టుబడ్డాయి. 3x + 5 = 20 అంటే ఐదును అవతలికి పంపి, మిగిలిన పదిహేనును మూడుతో భాగించి, x = 5 అనేసేది. అని ఊరుకుంటేనా! "కరెక్టేనా అక్కీ?" అంటూ పిల్ల ప్రాణం తీసేది. పెద్దది, చిన్నది గుర్తులుండే అసమీకరణాల దగ్గర మాత్రం బండి మొరాయించేది.

"మమ్మీ, మైనస్‌తో డివైడ్ చేస్తే సైన్ ఉల్టా హో జాతా హై! కిత్‌నీ బార్ బోలూఁ?"

"ఎందుకవుద్దే ఉల్టా? గుర్తెందుకు తిరగబడుద్ది?"

"బస్, రూల్ హై."

రూలట, రూలు! సరోజకు ఒళ్ళు మండిపోయింది. కారణం తెలియని మాట ఆమె బుర్రలో నిలవదు.

పరీక్షలో సరిగ్గా అదే వచ్చింది: 7 – 2x > 1. ఏడును అవతలికి పంపితే –2x > –6. మైనస్ రెండుతో భాగించి x > 3 అని చకచకా రాసేసింది. అలవాటుగా పక్కకు తిరిగితే అక్కీ లేదు. అప్పుడు ఊళ్ళో కిరణ్మయి టీచర్ గుర్తొచ్చింది. జవాబు కింద 'సరిచూచుట' రాయకపోతే ఆవిడ మార్కులు కోసేసేది. వచ్చిన విలువను లెక్కలో పెట్టి చూడాల్సిందే.

మూడు కంటే పెద్దది కదా అని నాలుగు పెట్టింది. ఏడులోంచి ఎనిమిది పోతే మైనస్ ఒకటి. అది ఒకటి కంటే పెద్దదా? ఛస్తే కాదు! రెండు పెట్టింది. ఏడులోంచి నాలుగు పోతే మూడు. పెద్దదే! అంటే x మూడు కంటే చిన్నదన్నమాట.

మరి గుర్తెందుకు తిరిగింది? లడఖ్‌లో ఉన్నప్పుడు వరప్రసాద్ ఫోన్‌లో అనేవాడు, మైనస్ ఇరవై చలి కంటే మైనస్ పదే నయమని. మామూలుగా పదికంటే ఇరవై పెద్దది, మైనస్‌లోకి దిగితే పదే పెద్దది! మైనస్ తగిలితే పెద్దాచిన్నా తారుమారు, అందుకే గుర్తూ తిరగాలి!

"ఓర్నీ!" అని పైకే అరిచేసింది. హాలంతా ఆమె వైపు తిరిగింది.

"క్యా హువా, ఆంటీ?" అంది ఇన్విజిలేటర్.

"సమఝ్ మే ఆ గయా మేడమ్! అర్థమైపోయింది!"

కొట్టేసి x < 3 అని రాసింది. ఆ ఊపులో మిగతా లెక్కలన్నీ మొదటినుంచీ సరిచూసుకుంటూ వచ్చింది.

బయట వరప్రసాద్, అక్షర కాచుకుని ఉన్నారు. "దిఖావో మమ్మీ, ఆన్సర్స్ చెక్ కర్తీ హూఁ," అంటూ పిల్ల చెయ్యి చాపింది.

"అక్కర్లేదే. నేనే చూసుకున్నాను. ఏమండీ, పాసైపోయాను!"

"రిజల్ట్ రాకుండానే?"

"వాళ్ళకింకా తెలీదు," అంది సరోజ, స్కూటరెక్కుతూ. "నాకు తెలిసిపోయింది."