ఎడమ తలుపు

నాకు మనుషుల మీద నమ్మకం తక్కువ. ఇప్పుడు వచ్చిన గుణం కాదు, పుట్టుకతో వచ్చింది. ఎవరైనా అడగకుండా మంచినీళ్లు ఇస్తే చెంబులోకి ఒకసారి తొంగి చూసి తాగే రకం నేను. పాత ఇనుము వ్యాపారంలో ఆ గుణమే నాకు అన్నం పెట్టింది.

అరవైల మొదట్లో, కోస్గికి కొంచెం దూరంలో ఒక ఊళ్లో దొరల గడిలో రేసు కారును తుక్కు కింద అమ్ముతున్నారని తెలిసింది. నాకు సంతోషం కలగలేదు, అనుమానం కలిగింది. దొరలు పట్నం వెళ్లిపోయి ఏళ్లయింది. ఇన్నాళ్లూ లేని తొందర ఇప్పుడెందుకు? మా అక్క భర్త, కొలిమి పని చేసే బావ, నన్ను కసిరాడు. "నువ్వు శంకలు పెట్టుకుంట కూసో, మక్తల్ తుక్కోళ్లు ఎత్కపోతరు" అన్నాడు. ఆ మాటకు లేచాను.

కారు గుర్రాల కొట్టంలో ఉంది. పొడుగాటి ముక్కు, నేలకు కరుచుకున్నట్టు కిందికి ఉన్న ఒళ్లు, తల వంచితే గానీ దూరలేనంత తక్కువ కప్పు. సీట్లు రెండే. ఒకదాంట్లో ఎప్పుడో కోడి పొదిగిన గుడ్ల పెంకులు ఉన్నాయి. టైర్లు కుళ్లిపోయాయి, లాక్కుపోయే వీలు లేదు. అక్కడే విప్పుకొని ముక్కలు బండి మీద వేసుకుపోవాలి. గడి తాళాలు చూసే ముసలాయన సరేనన్నాడు. అంత తేలిగ్గా సరేననడం కూడా నాకు నచ్చలేదు.

బావ పానాలు పరిచి పనిలోకి దిగాడు. కమాను పట్టీలు కొడవళ్లకు, గొడ్డళ్లకు పనికొస్తాయి. ఇరుసు ఎడ్లబండికి పోతుంది. ముందున్న నీళ్ల డబ్బాలోని ఇత్తడి బిందెలు చేసేవాళ్లకు. బావ ఒక్కొక్కటి విప్పి పక్కన పెడుతుంటే నేను కాపలా కూర్చున్నాను. నిజం చెప్పాలంటే ఆ కాపలా బయటివాళ్ల కోసం కాదు, బావ కోసం. అన్నం మూట విప్పేటప్పుడు కూడా అతని చేతుల వైపే చూసేవాణ్ని.

మొదటి రోజే ఒక ముసలమ్మ వచ్చి కొట్టం గోడకు ఆనుకొని కూర్చుంది. కారును చూస్తూ కూర్చుని, పొద్దు వాలాక లేచి వెళ్లిపోయింది. మర్నాడూ వచ్చింది. పక్కన చిన్న గుడ్డ మూట. ఆమె నీళ్లు తాగడానికి బావి దగ్గరికి వెళ్లినప్పుడు ఆ మూట విప్పి చూశాను. జొన్నరొట్టె, ఉల్లిగడ్డ. అయినా నాకు నమ్మకం కలగలేదు, ఇవాళ రొట్టె ఉంటే రేపు నట్లుంటాయి.

"ఏమవ్వా, దినాం వచ్చి కూసుంటున్నవ్. ఏం గావాలె నీకు?" అని అడిగాను.

"ఏం వద్దు బిడ్డా. జర సూసి పోత" అంది.

తాళాల ముసలాయనను పక్కకు పిలిచి అడిగితే గొంతు తగ్గించి చెప్పాడు. ఆమె కూతురు గడిలో ఊడ్చే పని చేసేదట. పోలీసు చర్యకు ముందు ఒకనాడు దొర బావమరిది ఆ పిల్లను ఈ కారులో ఎక్కించుకొని పోయాడట. మళ్లీ ఆ పిల్ల జాడ లేదు.

"నవ్వుకుంట ఎక్కిందని ఊరోళ్లంటరు. పట్నం మోజు. ముసల్ది నమ్మదు. నా బిడ్డ నన్నిడిసి పోయేది గాదంటది. గదే పట్టుకొని ఉన్నది ఇన్నేండ్లు" అన్నాడు.

జాలి పడాల్సిన చోట నాకు మళ్లీ అనుమానమే వచ్చింది. ఆ పిల్ల కారులో ఏమైనా దాచిపెట్టి ఉంటుందా? దాని కోసమే ఈమె కాచుకొని ఉందా? ఇలాంటి బుద్ధి నాది. ఏం చేయను?

తలుపుల వంతు వచ్చింది. కుడి తలుపు లోపల మెరుస్తున్న పిడులు రెండు. ఒకటి తలుపు తెరిచేది, ఒకటి అద్దం దించేది. బావ వాటిని పీకి సంచిలో వేశాడు. ఎడమ తలుపు చూస్తే లోపల ఒక్క పిడీ లేదు. నాకు ఒళ్లు మండింది. నేను బహిర్భూమికి వెళ్లి వచ్చేలోపే ఇంత పని!

"ఆ రెండు పిడులు ఏడ బెట్టినవ్ బావా?"

బావ అర్థం కానట్టు చూశాడు. నేను అతని అన్నం మూట దులిపాను. నడుముకు చుట్టుకున్న తువ్వాలు విప్పమన్నాను. అప్పుడు అతనికి కోపం వచ్చింది. కమ్మరి కోపం ఎలా ఉంటుందో ఆ రోజు చూశాను. సుత్తె తీసి నేల మీద పెట్టి, దాని మీద అరచెయ్యి ఆనించాడు. మా ఇళ్లల్లో సుత్తె మీద అబద్ధపు ఒట్టు ఎవరూ పెట్టరు.

"గీ సుత్తె సాచ్చి. నేను ముట్టలే. కండ్లుంటె ఇటు రా, సూడు!"

మెడ పట్టుకొని వంచినంత పని చేసి తలుపు చూపించాడు. లోపలి తోలు పక్కకు లాగాడు. పిడులు ఉండాల్సిన చోట రెండు రంధ్రాల మీదా ఒకటే రేకు పలక, నాలుగు మూలలా మరలు బిగించి ఉంది. విరిగి ఊడిపోయింది కాదు. ఎవరో కొలత తీసుకొని, కత్తిరించి, నున్నగా మూశారు. నడిపేవాడి పక్కన ఎక్కి కూర్చున్నవాళ్లు ఆ తలుపు తెరవలేరు, అద్దమూ దించలేరు.

వెంటనే ఇంకొకటి కూడా కనబడింది. ఆ మరలకు తుప్పు లేదు. కారు మరలన్నీ ఎర్రగా తుప్పు పట్టి ఉంటే, ఇవి మాత్రం వాటి కంటే చాలా తర్వాతివి. ఆ పిల్ల పోయిన ఎన్నేళ్లకో, ఏ మిస్త్రీయో పాడైన పిడులు తీసేసి మూసి ఉండవచ్చు. బావ కూడా వాటి మీద బొటనవేలు రాశాడు. అతనికీ తెలిసింది.

వెనక అడుగుల చప్పుడైంది. ముసలమ్మ మా గొడవంతా విన్నది. మొదటిసారి కారు దగ్గరికి వచ్చి నిలబడింది.

"పిడి లేదా బిడ్డా?"

"లేదవ్వా."

ఆమె వంగి, ముడతల చెయ్యి లోపలికి పెట్టి ఆ పలక మీద తడిమింది. పట్టు కోసం వేళ్లు పైకి, కిందికి, పక్కలకు పోయాయి. దొరకలేదు. చెయ్యి తీయకుండానే నా ముఖంలోకి చూసింది.

"అప్పుడు గూడ లేకుండెనా?"

బావ నా వైపు చూశాడు. పుట్టి బుద్ధెరిగిన తర్వాత నా అనుమానాన్ని నేను నోట్లోనే నొక్కేసింది ఆ ఒక్కసారే.

"లేదవ్వా. అప్పుడు గూడ లేదు."

ఆమె అక్కడే కూలబడింది. గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపులో దుఃఖం ఎంతో, ఊరట ఎంతో నేను చెప్పలేను. నాకూ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కొంతసేపటికి ముక్కు తుడుచుకొని ఆ తలుపు అడిగింది. బావ నన్ను అడగనైనా అడగకుండా తలుపు ఊడదీసి, భుజాన వేసుకొని ఆమె గుడిసె దాకా మోశాడు.

ఆ తర్వాత ఆ దారిన సంతలకు పోయినప్పుడల్లా చూసేవాణ్ని. తలుపు గుడిసె గోడకు ఆనించి ఉండేది. ఒకసారి, నవ్వుకుంటూ ఎక్కిందని చెప్పిన ఆడవాళ్లలో ఒకామెను ముసలమ్మ చెయ్యి పట్టుకొని లాక్కొచ్చింది. ఆ చేతిని పలక మీద పెట్టి నొక్కింది.

"తెరువు. లోపల కూసున్ననని అనుకో. ఇగ తెరిచి దిగి సూపెట్టు."