గుండు పిల్లల ఫొటో పట్టుకుని ధర్మవరం దాకా

హిందూపురం బెల్లం మండీలో నా పని అనుమానించడం. దిమ్మె పగలగొట్టి లోపల మట్టి ఉందా, ఇసుక ఉందా చూసుకున్నాక గానీ కాటా మీద పెట్టనిచ్చేవాణ్ణి కాదు. నన్ను చూస్తే రైతులు మొహం ముడుచుకునేవాళ్ళు, మా షావుకారుకు మాత్రం నేనంటే ప్రాణం. అందుకే అరవైల దశకం నడిమిలో ఒక ఫొటో నిజమో అబద్ధమో తేల్చుకు రమ్మని ఆయన నన్నే పంపాడు. ఇప్పుడు ఆ దారిలో వెళ్ళేవాళ్ళకు పనికొస్తుందేమోనని ఆ ఒక్కరోజు ప్రయాణం గురించి రాస్తున్నాను.

ఆ ఫొటో తెచ్చినవాడు దేవసహాయం. ఊళ్ళో ఒక చిన్న దవాఖానాలో కాంపౌండరు. మద్రాసులో ఒక పెద్దాసుపత్రి డాక్టరు రక్తపు క్యాన్సరు వచ్చిన పిల్లలకు ఇంకా ఎవరికీ సరిగా తెలియని కొత్త మందు ఇచ్చి చూస్తున్నాడని, మందు పై దేశం నుంచి ఊరికే వస్తుందని చెప్పాడు. కానీ పిల్లనూ తల్లినీ నెలల తరబడి అక్కడే ఉంచాలి. మంచానికి, తిండికి, ఎక్కించే రక్తానికి ఆసుపత్రి దగ్గర డబ్బు లేదు. మా మండీకి వచ్చిన ప్రతి బండి మీదా కొంత ధర్మం కింద తీసిపెట్టే అలవాటు ఉండేది. ఏటా అది సత్రానికో రథోత్సవానికో పోయేది. ఈసారి దాన్ని ఆ పిల్లల వార్డుకు ఇమ్మని, ముందుగా ధర్మవరంలో మగ్గం నేసే చౌడప్ప కూతురు రత్నను పంపుదామని అతని కోరిక. రత్నకు ఆరేళ్ళు.

ఫొటోలో ఏడుగురు పిల్లలు మంచాల మీద వరసగా కూర్చుని ఉన్నారు. ఏడుగురివీ బోడి తలలే. మండీలో అందరూ పగలబడి నవ్వారు. "ఏమప్పా దేవసహాయం, కదిరి తిరణాలకు పొయ్యి తీయించినావా దీన్ని?" అన్నాడు షావుకారు. మా వైపు పిల్లల తల నున్నగా కనిపిస్తే ఎవరికైనా తట్టేది ఒక్కటే, నరసింహస్వామికి మొక్కు తీర్చారని. "మందుకు ఊడిపోయిందన్నా" అని అతను మొత్తుకున్నాడు. ఉన్న జుట్టు ఊడగొట్టేది మందెలా అవుతుందని అందరికంటే గట్టిగా అడిగింది నేనే. రేపు రా, ఎల్లుండి రా అని అతన్ని మూడు వారాలు తిప్పాను. చివరికి విసిగిపోయి ఫొటోలో ఒక పిల్లాణ్ణి వేలితో చూపించాడు. "వీడు పెనుకొండ పిల్లోడు. నామీద నమ్మకం ల్యాకుంటే ఆడికే పొయ్యి అడుగు" అని ఇంటి గుర్తులు చెప్పి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున ఆరు గంటల ప్యాసింజరెక్కాను. మూడో తరగతి టికెట్టు పెనుకొండకు రూపాయి లోపే. మీటరుగేజి బండి, ప్రతి స్టేషన్లోనూ ఊరంతా ఎక్కేదాకా కదిలేది కాదు, రెండు గంటలు పట్టింది. స్టేషన్ నుంచి ఊళ్ళోకి జట్కాకు నాలుగణాలు. బేరమాడితే మూడుకు వస్తాడు కానీ గుర్రాన్ని చూశాక నాకు బేరమాడబుద్ధి కాలేదు. గుర్తుల ప్రకారం వెళ్తే ఇంటికి తాళం. పక్కింటి ముసలామె చేట చెరుగుతూ తలెత్తింది.

"ఆళ్ళు మద్రాసుకు పొయ్యి నాలుగు నెల్లాయె నాయనా. పిల్లోనికి యాదో రోగమంట. నువ్వెవురు, అప్పులోడివా?"

కాదన్నాను. నా మనసు మాత్రం వెంటనే ఇంకో దారి పట్టింది. తాళం వేసిన ఇల్లు చూపించడం ఎవరికైనా సులువే. ముసలామెకు దేవసహాయం ముందే నేర్పి ఉంచలేదని నమ్మకమేమిటి? అలా ఆలోచించినందుకు అప్పుడు సిగ్గు వేయలేదు, పైగా నా తెలివిని నేనే మెచ్చుకున్నాను.

రత్నను కూడా చూసి రమ్మన్నాడు షావుకారు, కానీ ధర్మవరం బండి మధ్యాహ్నం దాకా లేదు. బస్టాండు దగ్గర చెట్టు కింద వెంకటరవణ అనే మంగలి పెట్టె ముందు గడ్డానికి కూర్చున్నాను. మాటల్లో తను ఏటా కదిరి తిరణాలకు వెళ్ళి వందల తలలు గొరుగుతానన్నాడు. చటుక్కున ఫొటో తీసి ఇచ్చాను. "ఇవి కదిరి గుండ్లేనా చెప్పబ్బా" అన్నాను. అతను చేతులు తుడుచుకుని ఎండలోకి వెళ్ళి చూశాడు, చాలాసేపు చూశాడు.

"ఈళ్ళకు కత్తే తగల్లేదు సామీ. ఇదో, ఈడ చెవి పైన నాలుగు పోచలుండాయి. నేనట్ల ఇడిసిపెడితే తల్లిదండ్రులు ఊరుకుంటారా? ఇంకోటి సూడు. ఈ పిల్లోళ్ళకు కనుబొమ్మలు యాడ? కనుబొమ్మలు మొక్కుకునే దేవుడు యాడన్నా ఉండాడా?"

ఫొటో లాక్కుని చూశాను. ఏడుగురిలో ఒక్కరికీ కనుబొమలు లేవు. మూడు వారాలు అంగీ జేబులో పెట్టుకుని తిరిగి, దానిలో నేను చూసింది తలలే, ఒక్క మొహం కూడా చూడలేదు. సగం గడ్డంతో అలాగే కూర్చుండిపోతే, "సబ్బు ఆరిపోతాండాది సామీ" అని వెంకటరవణే నా తల వెనక్కి వంచాడు. ఆ పక్కన పూటకూళ్ళమ్మ దగ్గర సంకటి, వేరుశెనక్కాయలతో నూరే ఊరుబిండి పచ్చడి అర్ధరూపాయి. రుచి గొప్పగా ఉంటుందని అందరూ అంటారు, నాకు ఆరోజు తెలియలేదు.

ధర్మవరంలో దిగేసరికి మూడు దాటింది. చౌడప్ప ఇంట్లో మగ్గం ఆడుతూనే ఉంది. రత్న గోడ పక్క చాప మీద పడుకుని ఉంది, పిక్కల మీద నీలం మచ్చలు. మండీ నుంచి వచ్చానని చెప్పగానే చౌడప్ప కాళ్ళు పెట్టుకునే మగ్గం గుంటలోంచే, నేత ఆపకుండా అన్నాడు: "దుడ్లిస్తారని ఆ కాంపౌండరు చెప్పినాడు. ఊరికే యెవురిస్తారు సామీ? కుందేలు మాదిరి మా పాప మీద మందు పరీక్ష చేస్తారంట గదా."

నాకంటే అనుమానపువాడు దొరికాడనిపించింది. దేవసహాయం ఇచ్చి వెళ్ళిన డాక్టరు ఉత్తరం గూట్లో ఉంటే అతని భార్య తీసిచ్చింది. వాళ్ళకు చదువు రాదు, కాంపౌండరు చదివి చెప్పినదాన్ని నమ్మలేదు. నేను పైకి చదివాను. ఈ మందుతో నయమవుతుందని మాట ఇవ్వలేనని డాక్టరు రాశాడు. కొందరు పిల్లలకు కొన్ని నెలలు తగ్గింది, కొందరికి అసలు తగ్గలేదు. మందుతో బాధ ఉంటుంది. వద్దనుకున్న రోజు పిల్లను తీసుకుపోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. అంతే ఉంది.

మగ్గం ఆగింది. నా బతుకంతా మోసగాళ్ళ మధ్యే గడిచింది, వాళ్ళలో ఒక్కడు కూడా తన సరుకు గురించి ఇలా చెప్పుకోలేదు.

"నువ్వు నమ్ముతాండావా సామీ?" అన్నాడు చౌడప్ప.

"నమ్ముతాండా. పంపు."

నేస్తున్న చీర పూర్తయి కోసేదాకా చౌడప్ప మగ్గం వదలడానికి లేదు కాబట్టి ఆ వారంలోనే తల్లీకూతుళ్ళను దేవసహాయం కదిరి మీదుగా పాకాల బండిలో మద్రాసు తీసుకెళ్ళాడు. మండీ ధర్మం ఆ ఏడు వార్డుకే వెళ్ళింది. రత్న అయిదు నెలలకు నడుచుకుంటూ ఇల్లు చేరింది, వీధిలో ఆడుకుంది. మరుసటి ఏడు వానల్లో జబ్బు తిరగబెట్టింది. ఈసారి మందు పనిచేయలేదు.

కొన్నేళ్ళకు ధర్మవరం స్టేషన్లో చౌడప్ప కనబడ్డాడు. కాఫీ తాగాం. ఆ మందును సరిచేసి తర్వాతి పిల్లలకు ఇస్తున్నారని, రత్న పేరు డాక్టరు మరచిపోలేదని చెప్పాడు. నేను తిప్పిన సంగతి దేవసహాయం ఎప్పుడో చెప్పినట్టున్నాడు, గ్లాసు కింద పెట్టి, కోపమేమీ లేకుండా అడిగాడు: "మూడు వారాలు ముందర పంపించింటే తేడా ఉండునేమో గదా సామీ?" డాక్టరునే అడిగాను, ఏమీ తేడా ఉండేది కాదన్నాడని చెప్పాను. అబద్ధం. ఏం చెబుతాడోనన్న భయంతో నేను ఏ డాక్టరునూ ఎన్నడూ అడగలేదు. చౌడప్ప తలూపాడు. అంత అనుమానపు మనిషి, నా మాట నమ్మేశాడు. ఆ నమ్మకం ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వదు.

వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. విచారించాల్సింది ఏదైనా ఉంటే మర్నాడు పొద్దున్నే ప్యాసింజరెక్కండి. హిందూపురంలో బయల్దేరి పెనుకొండ, ధర్మవరం రెండూ చూడటానికి ఒక్క పగలు చాలు.