కడిగిన రాళ్ళు

మొన్న వంటగట్టుకి రాయి చూద్దామని హైవే పక్కనున్న షాపుకి వెళ్ళాను. రాజస్థాన్ నుంచి వచ్చిందట, పసుపు రంగు పలక ఒకటి నచ్చింది. దాని మూల అరచేతి మేర చిన్న చిన్న గవ్వల అచ్చులున్నాయి. నేను వంగి అలా చూస్తూ ఉండిపోయేసరికి షాపతను కంగారుపడ్డాడు. "ఆ మచ్చలేనా మేడం? ఆ మూల కోసేసి ఇచ్చేత్తాం" అన్నాడు. మా మావయ్యగారే ఉంటే ఆ మూల తీసుకుని, మిగతా పలక అక్కడే వదిలేసి వచ్చేవారు.

మావయ్యగారంటే మా ఆయన నాన్నగారు. రాళ్ళ సర్వే చేసే ప్రభుత్వ శాఖలో జీపు డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యారు. చదువు ఏడో తరగతి. హిమాలయాల్లో ఆఫీసర్లు కొండలు చెక్కుతుంటే జీపులో పడుకోవడం చేతకాక తనూ ఓ సుత్తి పట్టారట. ఆఫీసర్లు తమకి కావలసినవి ఏరుకుని, ఇవి నువ్వుంచుకో అని ఇచ్చేసినవి పాతికేళ్ళలో ఓ ట్రంకుపెట్టె నిండా అయ్యాయి. అన్నీ రాళ్ళలో అచ్చుపడ్డ ట్రైలోబైట్లే. డైనోసార్ల కంటే ఎంతో ముందు సముద్రం అడుగున పాకి, ఆనక లోకంలోనే లేకుండా పోయిన జీవులు. అత్తయ్యగారి దృష్టిలో మాత్రం అవి బొద్దింకలు. "ఊళ్ళో మగోళ్ళు సీరలట్టుకొత్తారు, ఈయన బొద్దింకలట్టుకొచ్చేరు" అనేవారావిడ.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను అనకాపల్లికి కోడలిగా వచ్చాను. వచ్చిన వారంలోనే మావయ్యగారు పెట్టె తెరిచి, దూదిలోంచి ఒక్కో రాయీ తీసి నా చేతిలో పెట్టారు. "సూడమ్మా, నిలువునా మూడు పాయలు. ఇదిగో తల, ఇయి కళ్ళు. కంటిలో గళ్ళు కూడా సెదరలేదు" అన్నారు. ఒకటైతే రోకలిబండ పురుగులా ఉండ చుట్టుకుని ఉంది, భయపడి ముడుచుకున్నది అలాగే రాయైపోయిందట. ప్రతి రాయి వెనకా తెల్ల రంగు చుక్క, దాని మీద ఇంకుతో ఓ నంబరు ఉండేది. ఆ నంబర్ల నోటుబుక్కు గురించి కూడా ఆయన చెప్పే ఉంటారు. నేను బీరకాయలు తరుగుతూ ఊ కొట్టాను.

మరుసటేడు విశాఖపట్నం నుంచి జియాలజీ లెక్చరరొకాయన ఫోన్ చేశారు. ఎవరో చెప్పగా విన్నారట. రాళ్ళు బాగుంటే కాలేజీ మ్యూజియంలో మావయ్యగారి పేరుతో పెడతామన్నారు. ఆ మాట విన్నాక మావయ్యగారు రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. లెక్చరరు వస్తారనగా ముందురోజు, అతిథికి పెట్టాలని హల్వా కోసం మాడుగుల బస్సెక్కారు. మావయ్యగారు తిరిగొచ్చేలోగా ఆశ్చర్యపరుద్దామని నేను పెట్టె దించాను. సబ్బుపొడి నీళ్ళలో అన్నిటినీ నానబెట్టి, పాత బ్రష్షుతో ముందూ వెనకా రుద్ది, చేటలో పోసి డాబా మీద ఎండబెట్టాను.

సాయంత్రం ఆయన్ని చెయ్యి పట్టుకుని మరీ డాబా మీదకి తీసుకెళ్ళాను. "చూశారా మావయ్యా, ఎలా మెరుస్తున్నాయో!" అన్నాను. ఆయన ఒక రాయి తీసి వెనక్కి తిప్పారు. ఇంకొకటి తిప్పారు. చేటలో ఉన్నవన్నీ, ఒక్కటీ వదలకుండా తిప్పి చూశారు. హల్వా పొట్లం ఇంకా చంకలోనే ఉంది. "బాగా కడిగేవమ్మా" అన్నారు.

మర్నాడు లెక్చరరు ఒక్కో రాయీ కంటికి దగ్గరగా పెట్టుకుని మురిసిపోయారు. ఆ తర్వాత వెనక్కి తిప్పి, "నంబర్లేవండీ? ఏది ఏ కొండదో, ఏ పొరదో తెలియకపోతే వీటితో మాకు పనుండదు" అన్నారు. తలుపు పక్కన కాఫీ పళ్ళెంతో నిలబడ్డ నాకు అప్పుడు అర్థమైంది.

"నానే కడిగేనండి. ముసిలోణ్ణి, బుద్ధి నేకపోయింది" అన్నారు మావయ్యగారు.

నోటుబుక్కు ముందుంచుకుని ఇద్దరూ చాలాసేపు కూర్చున్నారు. రెండింటిని మాత్రం మావయ్యగారు కచ్చితంగా గుర్తుపట్టారు. మిగతావాటికి తోచింది చెప్పమని లెక్చరరు బతిమాలినంత పని చేశారు. "తప్పు రాయించనేనండి. రేపెవుడో సదువుకున్నోడు అది నిజమనుకుంటాడు" అన్నారు మావయ్యగారు. ఆ రెండే మ్యూజియానికి వెళ్ళాయి. నేను కాఫీ ఇచ్చి లోపలికి వచ్చేశాను. నేను కడిగానని నోరు విప్పలేదు.

ఆ తర్వాత రోజూ భోజనాలయ్యాక ఆయన వరండాలో రాళ్ళు పరుచుకునేవారు. రాయి రంగు చూసి, గోటితో గీకి, నోటుబుక్కులో వెతికేవారు. మరో మూడింటికి నంబర్లు తిరిగి వేయగలిగారు. నేను టీ గ్లాసు పక్కన పెట్టి, కొంగు సర్దుకుంటూ కాసేపు నిలబడేదాన్ని. తప్పు నాదేనని చెప్పాలనే వెళ్ళేదాన్ని. ఆయన తలెత్తి "ఏటమ్మా?" అనేవారు. "చక్కెర సరిపోయిందా మావయ్యా?" అనేదాన్ని. "సరిపోయిందమ్మా" అనేవారు. నేను చెప్పబోయేదేమిటో ఆయనకి తెలుసనే ఇప్పటికీ నా అనుమానం.

మూడేళ్ళ తర్వాత ఒక వానాకాలం జ్వరంతో పోయారు. నంబర్లు దొరకని రాళ్ళని నేనే ఓ బడికి ఇచ్చాను. అక్కడ పిల్లలు చేత్తో తడిమి చూస్తారు, అంతవరకు నయమే. కానీ ఆ మూడేళ్ళలో అలాంటి మధ్యాహ్నాలు వెయ్యి దాకా నా ముందునుంచి నడిచిపోయాయి. నాకు కావలసింది వాటిలో ఒక్కటే.